లీగల్ గార్డియన్‌షిప్

మేధో వైకల్యం ఉన్న బిడ్డకు 18 నిండితే, చట్టం దృష్టిలో పెద్దవాడే. అప్పటి నుంచి అతని తరఫున సంతకం పెట్టడానికి తల్లిదండ్రులకైనా గార్డియన్‌గా నియామక పత్రం కావాలి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం దాన్ని ఇచ్చేది జిల్లా కమిటీ: కలెక్టర్, ఒక నమోదిత సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగుడు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడ్డాక రాజోలు, కొత్తపేట వాళ్లకు కలెక్టరేట్ కాకినాడ నుంచి అమలాపురానికి వచ్చింది. డెబ్బై దాటిన తల్లికి ఇది చిన్న మేలు కాదు.

గార్డియన్ ఆస్తికి యజమాని కాడు. ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏటా లెక్కలు ఇవ్వాలి. నిర్లక్ష్యం చేస్తే తొలగించవచ్చు. కొబ్బరితోటలో వాటా ఉన్న బిడ్డకు ఈ నిబంధనే పెద్ద రక్షణ.

ఆ బిడ్డలూ ముసలివాళ్లవుతున్నారు. 2017-18లో 45 దాటినవారిపై, వారి జీవిత భాగస్వాములపై జరిగిన లాసి అనే దేశవ్యాప్త వృద్ధాప్య సర్వే 72 వేలకు పైగా మందిని చేరింది. అలాంటి సర్వేల్లో జవాబు చెప్పలేని మనిషి బదులు ఇంట్లోవాళ్లు చెబుతారు. అతనికి ఎవరి దగ్గర ఉండాలని ఉందో మాత్రం అలా తెలియదు. గార్డియన్‌ను ఎంచేటప్పుడైనా అతన్నే అడగాలి. మాటలతో కుదరకపోతే బొమ్మలు చూపించి.