జపాన్‌లో ఇంగ్లీషు పంతులు వేరు తన్నాలంటే

"డిగ్రీ ఉంది, ఇంగ్లీషు బాగా వచ్చు. జపాన్ వెళ్లి ఇంగ్లీషు చెప్పుకుంటూ హాయిగా బతకొచ్చు కదా?" అక్కడి బడుల్లో కొన్నేళ్లు పనిచేసి వచ్చానని తెలిసిన ప్రతివాళ్లూ నన్ను అడిగే ప్రశ్న ఇది. ఇందులో రెండు నమ్మకాలు కలగలిసి ఉన్నాయి. ఇంగ్లీషు వస్తే ఉద్యోగం దొరుకుతుందన్నది ఒకటి. ఉద్యోగం దొరికితే బతుకు దానంతటదే కుదురుకుంటుందన్నది రెండోది. మొదటిది సగం నిజం. రెండోది పూర్తిగా తప్పు. ఆ తప్పును నమ్ముకుని వెళ్లి, ఏడాది తిరక్కుండానే దిగులుతో ఇల్లు చేరిన చదువుకున్న పిల్లలను చూశాను. అందుకే ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

ఉద్యోగం సంగతి త్వరగా చెప్పేస్తాను. జపాన్ ప్రభుత్వ బడుల్లో పనిచేసే విదేశీ ఇంగ్లీషు టీచర్‌ను ఏఎల్‌టీ అంటారు. సహాయ భాషా ఉపాధ్యాయుడన్నమాట. అక్కడి ఉపాధ్యాయ లైసెన్సు లేకపోతే క్లాసు ఒంటరిగా నడిపే అధికారం ఉండదు. లైసెన్సున్న జపాన్ టీచర్ పక్కన నిలబడే చెప్పాలి. ఈ పనికి మనుషులను తీసుకెళ్లే ప్రభుత్వ పథకం జెట్ ప్రోగ్రామ్. 1987లో నాలుగు దేశాల నుంచి 848 మందితో మొదలైంది. ఒప్పందం ఏడాదికోసారి రాసుకుంటారు, మొత్తం 5 ఏళ్లకు మించదు. ఇది కాక, బడులకు మనుషులను సరఫరా చేసే ప్రైవేటు కంపెనీలున్నాయి. సాయంత్రాలు పెద్దవాళ్లకు మాట్లాడటం నేర్పే ఎయికైవా స్కూళ్లున్నాయి. 2020 నుంచి ప్రాథమిక బడుల్లో 3, 4 తరగతులకు ఏడాదికి 35 పీరియడ్లు, 5, 6 తరగతులకు 70 పీరియడ్లు విదేశీ భాషకు కేటాయించారు. కాబట్టి పని ఉంది.

అయితే మనవాళ్లు ముందుగా చూసుకోవాల్సిన నిబంధన ఒకటుంది. బడిలో సహాయకుడి హోదాలో భాష నేర్పాలంటే ఆ భాషా మాధ్యమంలో కనీసం 12 ఏళ్లు చదివి ఉండాలని వీసా నియమం. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఎంత చక్కగా ఇంగ్లీషు మాట్లాడినా ఈ లెక్క దగ్గర ఆగిపోతారు. ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లు ఒకటో తరగతి నుంచీ మీడియం ధ్రువపత్రాలు సిద్ధం చేసుకోవాలి. ఎయికైవా ఉద్యోగానికి వీసా వేరు, దాని నియమాలూ వేరు. కన్సల్టెన్సీకి డబ్బు కట్టకముందే ఈ తేడా కనుక్కోండి.

ఇక అసలు విషయం, కుదురుకోవడం. వరి నాటినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. నారుమడిలో పచ్చగా నిగనిగలాడిన మొక్క పీకి నాటిన మర్నాటికి తల వాల్చేస్తుంది. ఆకు పసుపుబారుతుంది. చచ్చిపోయిందనుకుంటాం. వారం పది రోజుల్లో కొత్త వేరు తన్ని, మళ్లీ పచ్చబడి లేచి నిలబడుతుంది. దాన్నే మూన తిరగడం అంటాం. పరాయి దేశం వెళ్లిన మనిషికీ ఇదే జరుగుతుంది. మొదట్లో అంతా వింతగా, ముచ్చటగా ఉండి, తర్వాత మనసు వాడిపోయే దశ వస్తుందని మానవ శాస్త్రవేత్త కలెర్వో ఒబెర్గ్ 1960లో అచ్చయిన వ్యాసంలో వివరించాడు. ఆగస్టులో దిగిన ఏఎల్‌టీకి ఆ దశ సరిగ్గా చలికాలం మొదలయ్యేసరికి తగులుతుంది. అక్కడ చాలా ఇళ్లలో గది గదికీ హీటర్ పెట్టుకోవాల్సిందే. పొద్దు నాలుగున్నర, అయిదింటికే వాలిపోతుంది. "నాకేదో అయింది" అని భయపడకండి. నాటిన ప్రతి మొక్కా పసుపుబారుతుంది. మూన తిరగాలంటే ఏం చేయాలన్నదే ప్రశ్న.

వేరు దిగడానికి ముందు కాలు ఆనాలి. పెద్ద విమానాశ్రయాల్లో దిగగానే జైర్యూ కార్డు అనే నివాస కార్డు చేతికిస్తారు. ఇల్లు కుదిరాక 14 రోజుల్లోగా ఊరి మునిసిపల్ ఆఫీసుకు వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆ నమోదుతోనే మీ పేరు ఊరి నివాసుల రిజిస్టరులోకి ఎక్కుతుంది. 2012 జులైకి ముందు విదేశీయులకు వేరే రిజిస్టరు ఉండేది, ఇప్పుడు అందరిదీ ఒకటే. ఆరోగ్య బీమా, బ్యాంకు ఖాతా, ఫోను కనెక్షను, అన్నీ ఈ నమోదు వెంట వచ్చేవే. బీమా ఉంటే వైద్య ఖర్చులో మీ వాటా 30 శాతం.

ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు అడ్వాన్సు కాక, ఇంటి యజమానికి రేకిన్ అని తిరిగిరాని సొమ్ము ఇచ్చే ఆనవాయితీ చాలాచోట్ల ఉంది. హామీదారు కూడా కావాలి. మొదటి జీతం అందేదాకా తినడానికీ తిరగడానికీ డబ్బు చేతిలో పెట్టుకుని వెళ్లాలి. నివాస పన్ను ముందటి ఏడాది ఆదాయం మీద పడుతుంది కాబట్టి కొత్తవాళ్లకు మొదట్లో ఉండదు. మరుసటి ఏడాది జూన్ నుంచి జీతంలో కోత మొదలవుతుంది. అది ముందే తెలిస్తే కంగారు ఉండదు.

ఇప్పుడు చెత్త గురించి. దీనికి ఎక్కువ చోటిస్తున్నాను, ఎందుకంటే జపాన్ పల్లెలో, చిన్న ఊళ్లో మీరు ఎలాంటి మనిషో తేల్చేది మీ చెత్త సంచే. ఊరికో క్యాలెండరు ఉంటుంది. మండే చెత్త వారానికి రెండు రోజులు, ప్లాస్టిక్ ఒక రోజు, డబ్బాలు, సీసాలు, పాత కాగితాలు వేరే రోజుల్లో. ప్లాస్టిక్ సీసా అయితే మూత ఊడదీసి, చుట్టూ ఉన్న లేబుల్ ఒలిచి, కడిగి, నలిపి పెట్టాలి. ఊరు నిర్ణయించిన సంచిలోనే వేయాలి. పొద్దున పెట్టి, కాకులు పీకకుండా పైన వల కప్పాలి. తప్పుగా పెట్టిన సంచిని బండివాళ్లు తీసుకెళ్లరు. కారణం రాసిన స్టిక్కరు అంటించి అక్కడే వదిలేస్తారు. వీధి వీధంతా చూస్తుంది. తోకుషిమా జిల్లాలోని కమికత్సు అనే ఊళ్లో అయితే చెత్తను 40కి పైగా రకాలుగా వేరుచేస్తారు.

ఇది చాదస్తం కాదు. ఆ చెత్త చోటును ఊడ్చేది వీధిలోని ఇళ్లవాళ్లే, వంతులవారీగా. మీరు తప్పుగా పెట్టిన సంచి ఆ వారం వంతున్న ముసలావిడకు పని పెంచుతుంది. అదే వీధిలో కైరాన్‌బాన్ అనే అట్ట తిరుగుతుంది. ఊరి కబుర్లు, కాలవల పూడిక తీసే రోజు, భూకంపం డ్రిల్లు, పండగ చందా, అన్నీ అందులో గుచ్చి ఉంటాయి. చదివి, గడిలో ముద్ర వేసి, పక్కింటికి అందించాలి. చాలామంది విదేశీయులు తలుపు దగ్గర పెట్టేసి వచ్చేస్తారు. అలా చేయకండి. బెల్లు కొట్టి, చేతికిచ్చి, రెండు ముక్కలు మాట్లాడండి. నాకు తెలిసిన ప్రతి స్నేహమూ, పెరట్లో కాసిన ముల్లంగి నుంచి జ్వరమొచ్చినప్పుడు డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకెళ్లడం దాకా, ఆ అట్ట అందించే గుమ్మంలోనే మొదలైంది. కొత్త వేరు మొదట దిగేది ఆ గుమ్మంలోనే.

రెండో చోటు బడిలోని స్టాఫ్ రూము. మన బళ్లలోలా విశ్రాంతి గది కాదది. టీచర్లందరి బల్లలూ తరగతులవారీగా ఒకే హాల్లో ఉంటాయి. ఎదురుగా ఉప ప్రధానోపాధ్యాయుడు కూర్చుంటాడు. పిల్లలు లోపలికి రావాలంటే గుమ్మంలో నిలబడి పేరు, తరగతి, వచ్చిన పని గట్టిగా చెప్పాలి. అందరికంటే ముందు ఇంటికెళ్లేవాళ్లు "ఓసాకి ని షిత్సురేయి షిమాసు" అని క్షమాపణగా చెప్పి వెళ్తారు. పీరియడు లేనప్పుడు ఏఎల్‌టీ ఫోను చూస్తూ కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు, కానీ ఎవరూ దగ్గరికీ రారు. మధ్యాహ్నం శుభ్రం చేసే వేళ పిల్లలతో పాటు గుడ్డ పట్టుకుని వరండా తుడవండి. భోజనం పిల్లల పక్కన కూర్చుని తినండి. శాకాహారులు మాత్రం బడి భోజనంలోని సూపుల్లో చేపలతో కాచిన రసం ఉంటుందని గుర్తుంచుకుని, ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటానని మొదటి రోజే చెప్పాలి. చెబితే ఒప్పుకుంటారు.

పిల్లలు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్నల్లో "మీ రక్తం గ్రూపేమిటి?" అన్నది తప్పకుండా ఉంటుంది. 'ఏ' గ్రూపువాళ్లు క్రమశిక్షణపరులు, 'బీ' గ్రూపువాళ్లు స్వార్థపరులు అని అక్కడ గట్టి నమ్మకం. 1927లో ఫురుకావా తకేజి రాసిన వ్యాసంతో మొదలై, 1971లో నోమి మసాహికో పుస్తకంతో ఇంటింటికీ పాకింది. దీనికి శాస్త్రీయ ఆధారం లేదు. జాతకం చూసి మనిషిని తూచే మన అలవాటుకు ఇది తోబుట్టువు. బీ గ్రూపు పిల్లవాణ్ని తోటివాళ్లు ఆటపట్టిస్తుంటే నవ్వి ఊరుకోకండి. రక్తానికి గుణం ఉండదని చెప్పడం కూడా టీచరు పనే.

క్లాసులో తెలుగువాళ్లకు ఒక బలముంది. జపనీస్ మాటలు మన మాటల్లాగే దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. అందుకే ఒక్క ఊపులో పలకాల్సిన 'స్ట్రైక్'ను వాళ్లు 'సుతొరాయికు' అని సాగదీస్తారు. 'స్కూల్'ను 'ఇస్కూలు' చేసిన ఊళ్ల నుంచి వచ్చాం మనం. నాలుక ఎక్కడ అడ్డం తిరుగుతుందో మనకు తెలిసినట్టు, ఇంగ్లీషు ఇంట్లో పుట్టినవాళ్లకు తెలియదు.

ఇంగ్లీషు మాట్లాడే విదేశీయులందరూ వారాంతాల్లో ఒకచోట చేరతారు. అది ఊరటే. కానీ కట్ట విప్పకుండా పొలంలో పడేసిన నారు గతేమవుతుందో తెలుసుగా? ఒకదానికొకటి ఆనుకుని కొన్నాళ్లు పచ్చగానే ఉంటుంది. వేరుకు మట్టి తగలక తర్వాత కుళ్లుతుంది. లోతుగా గుచ్చినా మంచిది కాదు, పిలక వేయదు. మొదటి నెలలోనే పూర్తి జపాన్‌వాడినైపోవాలని తాపత్రయపడేవాళ్లు అలాగే అలిసిపోతారు.

ఈ విషయంలో నాకు ఆదర్శం లఫ్కాడియో హెర్న్. 1890లో షిమానె జిల్లా మత్సుఎ ఊరికి ఇంగ్లీషు పంతులుగా వెళ్లాడు. అక్కడి అమ్మాయి కొయిజుమి సెత్సును పెళ్లాడాడు. తర్వాత కుమమోతోలో అతను పాఠాలు చెప్పిన కాలేజీకి ప్రిన్సిపాలు జూడో కనిపెట్టిన కానో జిగోరో. 1896లో జపాన్ పౌరుడై కొయిజుమి యకుమో అయ్యాడు. టోక్యో విశ్వవిద్యాలయంలో అతని తర్వాత ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాళ్లలో ఒకరు మహా నవలాకారుడు నత్సుమె సోసెకి. హెర్న్‌కు జపనీస్ చివరిదాకా సరిగా రాలేదు. భార్యాభర్తలిద్దరూ వ్యాకరణం వదిలేసిన ఒక సొంత జపనీస్‌లో మాట్లాడుకునేవారు. ఆమె పాత కథలు పుస్తకం చూడకుండా సొంత మాటల్లో చెబితే అతను వినేవాడు. 1904లో వచ్చిన 'క్వైడాన్' కథల వెనక ఆ వినికిడి ఉంది. భాష బాగా రావాలన్న నియమం లేదు. వచ్చినంతలో మాట్లాడాలి, ఎదుటివాళ్లు చెప్పేది వినాలి.

ఇంగ్లీషు చెప్పడానికి వెళ్లినవాడికి ఇదే పెద్ద చిక్కు. జీతమిచ్చేది ఇంగ్లీషుకే కాబట్టి బడిలో అందరూ మీతో ఇంగ్లీషులోనే మాట్లాడాలని చూస్తారు. ఆ సౌకర్యమే మిమ్మల్ని ఊరి బయట నిలబెడుతుంది. చెత్త క్యాలెండరు, కైరాన్‌బాన్, జ్వరం, అద్దె ఒప్పందం, ఏవీ ఇంగ్లీషులో రావు.

తిరిగొచ్చేవాళ్లకు ఒక మాట. ఉద్యోగుల పెన్షనుకు కనీసం 6 నెలలు కట్టి ఉంటే, దేశం విడిచిన 2 ఏళ్లలోగా దరఖాస్తు చేసి కొంత సొమ్ము ఒకేసారి వెనక్కి తీసుకోవచ్చు. 2021 ఏప్రిల్ నుంచి 5 ఏళ్ల దాకా లెక్కిస్తున్నారు. కానీ భారత్, జపాన్‌ల సామాజిక భద్రతా ఒప్పందం 2016 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. సొమ్ము తీసేసుకుంటే ఆ ఏళ్లు ఒప్పందం కింద పెన్షను లెక్కలోకి రావు. తొందరపడి తీసుకోకండి.

వెళ్లాలనుకునేవాళ్లు టికెట్టు కొనకముందే హిరగానా 46 అక్షరాలు, కతకానా 46 అక్షరాలు నేర్చుకోండి. రోజుకు అరగంట పెడితే కొన్ని వారాల పని. ఇంగ్లీషు మిమ్మల్ని ఆ దేశం దాకా తీసుకెళ్తుంది. ఆ ఊళ్లో ఉండనిచ్చేది ఆ ఊరి భాషే.