డోక్రా బాబా సన్నిధిలో పూర్వ విద్యార్థులు

విశ్వవిద్యాలయ ఆచార్యులు ముందు నడవగా పూర్వ విద్యార్థులు బృందంగా అధ్యయనయాత్ర చేయడం అమెరికాలో స్థిరపడిన పద్ధతి. స్టాన్‌ఫర్డ్, ప్రిన్స్‌టన్ వంటి సంస్థలు ఇటువంటి యాత్రలను క్రమం తప్పక నిర్వహిస్తాయి. మన దేశంలో బౌద్ధక్షేత్రాలకు బయలుదేరే బృందాలు ఎక్కువగా బుద్ధగయ, సారనాథ్, కుశీనగరం బాటనే పడతాయి. ఆ క్షేత్రాలను గురించి చెప్పవలసినది చాలావరకు గ్రంథస్థమైనదే. మంచి పుస్తకం ఒకటి చేతిలో ఉంటే ఆచార్యుడు లేని లోటు అంతగా తెలియదు. బస్తర్ సంగతి వేరు. అక్కడ ఆధారాలు తక్కువ, ఊహలకు అవకాశం ఎక్కువ.

బస్తర్ యాత్ర అనగానే చిత్రకోట జలపాతం, తీరథ్‌గఢ్, కుటుంసర్ గుహ, దంతేవాడలోని దంతేశ్వరి ఆలయం, డెబ్బై అయిదు రోజుల దసరా ఉత్సవం గుర్తుకు వస్తాయి. కొండగావ్ జిల్లాలోని భోంగాపాల్ ఈ జాబితాలో అరుదుగా కనిపిస్తుంది. దీర్ఘకాలం సాగిన హింస వల్ల ఈ ప్రాంతానికి బయటివారి రాకపోకలు సన్నగిల్లడమూ అందుకు ఒక కారణం. అడవి మధ్య ఇటుకలతో నిర్మించిన చైత్యం అవశేషాలు, పద్మాసనంలో కూర్చున్న బుద్ధుని శిలావిగ్రహం అక్కడ ఉన్నాయి. సమీపంలోనే సప్తమాతృకల ఆలయం, శివాలయం అవశేషాలు బయల్పడ్డాయి. 1990-91లో జరిగిన తవ్వకాల అనంతరం ఈ కట్టడాలను క్రీ.శ. 5, 6 శతాబ్దాలకు చెందినవిగా గుర్తించారు.

ఆ కాలంలో బస్తర్, కోరాపుట్ ప్రాంతాలను నలవంశీయులు పాలించారు. 1939లో కొండగావ్ సమీపంలోని అడెంగాలో దొరికిన బంగారు నాణేలపై వరాహరాజు, భవదత్తుడు, అర్థపతి అనే నల రాజుల పేర్లున్నాయి. ఆ నాణేలపై ఉన్న చిహ్నం కూర్చున్న వృషభం, నెలవంక. పోడాగఢ్ శాసనంలో స్కందవర్మ విష్ణువుకు ఆలయం నిర్మించిన సంగతి ఉంది. కాబట్టి భోంగాపాల్ చైత్యాన్ని రాజాదరణకు నిదర్శనంగా చూపడం తొందరపాటే అవుతుంది. శైవ, వైష్ణవ చిహ్నాలు ధరించిన రాజుల సీమలో ఒక ఇటుక చైత్యం నిలిచిందని, దాని పక్కనే సప్తమాతృకలు ఉన్నారని మాత్రమే నేల చెబుతున్నది. ఎవరు కట్టించారో ఆ ఇటుకలపై రాసి లేదు. యాత్రికులకు ఇది నిరాశ కలిగించవచ్చు గాని, నిరాశపరచడం కూడా ఆచార్యుని విధుల్లో ఒకటి.

తెలుగు బృందాల విషయంలో మరొక ఆకర్షణ ఉంది. 7వ శతాబ్దంలో హ్యూయాన్‌త్సాంగ్ కోసలదేశం నుండి దక్షిణంగా మహారణ్యం గుండా సుమారు 900 లీల దూరం ప్రయాణించి ఆంధ్రదేశం చేరినట్లు తన వృత్తాంతంలో రాశాడు. పటం ముందు పెట్టుకుంటే ఆ అడవి బస్తర్ వైపే చూపును లాగుతుంది. విశాఖపట్నంలో బయలుదేరి, తొట్లకొండ చూసి, అరకు మీదుగా జగదల్‌పూర్ చేరే బృందం తాను ఆ యాత్రికుని దారినే ఎదురు నడిచానని నమ్మడం సహజం. ఆ నమ్మకానికి ఆచార్యుడు కొంత అడ్డుపడాలి. తొట్లకొండ ఆరామం వైభవం శాతవాహన కాలపుది. భోంగాపాల్ దానికి కొన్ని శతాబ్దాల తరువాతిది. చీనా యాత్రికుడు అడవిని పేర్కొన్నాడే గాని అందులో ఏ చైత్యాన్నీ పేర్కొనలేదు. మూడు వేర్వేరు కాలాల ఆనవాళ్ళను ఒకే దారానికి గుచ్చితే అందమైన మాల తయారవుతుంది గాని, అది చరిత్ర కాదు.

తెలుగు సంబంధం చూపాలనుకుంటే దృఢమైన ఆధారం మరొక చోట, మరొక కాలంలో ఉంది. దంతేవాడ జిల్లాలోని బార్సూరులో క్రీ.శ. 1060 ప్రాంతంలో, నాగవంశపు రాజు జగదేకభూషణుని పాలనలో, చంద్రాదిత్యుడనే తెలుగు చోడ సామంతుడు శివాలయాన్నీ చెరువునూ నిర్మించినట్లు శాసనం ఉంది. ఇది శైవానికి సంబంధించినది, బౌద్ధానికి సంబంధించినది కాదు. బౌద్ధయాత్రలో దానికి చోటెందుకని అడిగేవారు ఉండవచ్చు. ఆధారం ఉన్న చరిత్ర, ఆధారం లేని చరిత్ర పక్కపక్కన ఎలా కనిపిస్తాయో పోల్చి చూపడానికి అంతకంటె అనువైన చోటు బస్తర్‌లో లేదు.

ఈ పట్టింపు పూర్వ విద్యార్థుల విషయంలో మరింత అవసరం. వారు వైద్యులు, ఇంజనీర్లు, బ్యాంకు అధికారులు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. తరగతి విద్యార్థి తప్పు విన్నా మరో పుస్తకం, మరో పరీక్ష దాన్ని సరిదిద్దుతాయి. వీరికి ఆ అవకాశం తక్కువ. ఆచార్యుడు కొండపై నిలబడి అన్న మాట వారి ద్వారా ఇళ్ళకు, సభలకు, స్థానిక పత్రికలకు చేరి, కొన్నేళ్ళకు స్థలపురాణంగా తిరిగి వస్తుంది.

అన్నిటికంటె సున్నితమైన ఘట్టం విగ్రహం ముందుకు వచ్చినప్పుడు ఎదురవుతుంది. చుట్టుపక్కల గ్రామాల గిరిజనులు ఆ బుద్ధుని డోక్రా బాబాగా కొలుస్తారు. డోక్రా అంటే ముసలివాడు. తెలుగులో తాతయ్య దేవుడు అనవచ్చు. (కొండగావ్ లోహశిల్పానికి వాడుకలో ఉన్న ఢోక్రా అనే పేరు వేరు. బృందాల్లో ఈ పొరపాటు తరచు వినబడుతుంది.) అనకాపల్లి వద్ద శంకరంలోని బొజ్జన్నకొండపై కనుమ నాడు, బౌద్ధ కట్టడాన్ని రాక్షసునిదిగా భావించి రాళ్ళు రువ్వే ఆచారం చాలాకాలం సాగిన సంగతి తెలుగు పాఠకులకు తెలిసినదే. అక్కడ బుద్ధుని పేరు ‘బొజ్జన్న’లో మిగిలింది గాని గౌరవం మిగలలేదు. భోంగాపాల్‌లో పేరు పోయింది, పూజ మిగిలింది. ఈ రెంటిలో దేన్ని నష్టంగా లెక్కించాలో బృందం అక్కడే చర్చించుకోవడం మంచిది. అయితే ఆ చర్చ పూజారికీ భక్తులకూ పాఠం చెప్పే ధోరణిలో సాగకూడదు. ‘ఇతడు మీ బాబా కాదు, మా బుద్ధుడు’ అన్న ఒక్క మాటతో గ్రామం చేతిలోని విగ్రహం బయటివారి సొత్తు అయిపోతుంది. ఆ ఊరి శ్రద్ధే ఆ విగ్రహానికి అడవిలో దొరికిన నిత్య కాపలా అన్న సంగతి మరువరాదు.

అందువల్ల ఆచరణలో కొన్ని నియమాలు పాటించాలి. గ్రామపెద్దలకు ముందుగా తెలిపి, వారు చెప్పిన వేళకే వెళ్ళాలి. పాదరక్షలు, ఫోటోలు, కానుకలు మొదలైన వాటిలో ఊరి పద్ధతే బృందానికి పద్ధతి. ఇటుక ముక్కను జ్ఞాపకంగా తీసుకోవడం ఎంత చదువుకున్నవారైనా చేసే పని. దాన్ని వాహనం దిగకముందే నిషేధించాలి. విగ్రహం ముందు బృందంలోని బౌద్ధులు త్రిశరణాలు పలకాలనుకుంటే, ఊరివారి పూజ ముగిసిన తరువాత, వారి అనుమతితో పలకాలి. కాలనిర్ణయం, నల నాణేలు, హ్యూయాన్‌త్సాంగ్ ప్రస్తావన మొదలైనవన్నీ ముందురోజు రాత్రి బసలోనే చెప్పడం మేలు. జగదల్‌పూర్‌లోని మానవశాస్త్ర మ్యూజియాన్ని కూడా తిరుగు ప్రయాణానికి వాయిదా వేయకుండా ముందే చూపిస్తే, మురియా, హల్బా గ్రామాల దైవాలను గురించి కొంత తెలుసుకున్న తరువాతనే బృందం డోక్రా బాబా ముందుకు వస్తుంది. విగ్రహం వద్ద ఆచార్యుని ప్రసంగం పది నిమిషాలకు మించనక్కరలేదు. మిగిలిన సమయంలో ఆ దేవుని గురించి ఊరి వృద్ధులు ఏమి చెబుతారో వినాలి. వారి మాట ఛత్తీస్‌గఢీలోనో, హల్బీలోనో, గోండీలోనో ఉంటుంది గనుక అనువదించగల స్థానికుడొకరు వెంట ఉండాలి. ఆ వ్యక్తి పారితోషికాన్ని యాత్ర ఖర్చులో మొదటే చేర్చాలి.