దోమలన్నిటినీ చంపక్కర్లేదు

రోనాల్డ్ రాస్ పేరు వినగానే తెలుగువాళ్లకు సికింద్రాబాద్ గుర్తొస్తుంది. 1897 ఆగస్టు 20న దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమిని ఆయన చూసింది బేగంపేటలోనే. దోమకు అణా చొప్పున పుచ్చుకుని తన రక్తం తాగనిచ్చిన రోగి హుసేన్ ఖాన్‌కు కూడా అందులో వాటా ఉంది. మిగతా సగం కథ కలకత్తాది. ఇప్పుడు ఎస్‌ఎస్‌కేఎం అంటున్న ఆసుపత్రి ఆవరణలోని చిన్న ప్రయోగశాలలో, 1898 జులైలో, క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి కాటు ద్వారా పక్షి నుంచి పక్షికి సోకుతుందని రాస్ తేల్చారు. 1902లో నోబెల్ వచ్చింది.

ఆ తర్వాత ఆయన చేసిన లెక్కలు ఇంకా గొప్పవని నా అభిప్రాయం. దోమలన్నిటినీ చంపడం ఎవరి తరం, ఈ ఖర్చంతా దండగ అని అప్పట్లో చాలామంది పెదవి విరిచేవారు. రాస్ సమీకరణాలు రాసి జవాబు చెప్పారు: దోమల సంఖ్య ఒక హద్దుకు దిగువకు వస్తే చాలు, మలేరియా దానంతటదే తగ్గిపోతుంది. ఒక రోగి నుంచి సగటున ఒకరికన్నా తక్కువమందికి జబ్బు సోకే స్థితే ఆ హద్దు. కోవిడ్ రోజుల్లో టీవీల్లో మోగిపోయిన 'ఆర్ నాట్' ఈ లెక్కకు వారసురాలే.

1950లలో జార్జ్ మెక్‌డొనాల్డ్ ఈ లెక్కకు పదును పెట్టారు. దోమల్ని సగానికి తగ్గిస్తే వ్యాప్తీ సగానికే తగ్గుతుంది. కాట్లను సగం చేస్తే మాత్రం నాలుగో వంతుకు పడిపోతుంది. ఎందుకంటే జబ్బు అంటించుకోవడానికి ఒకసారి, అంటించడానికి ఇంకోసారి దోమ కుట్టాలి. దోమతెరకు అంత విలువ అందుకే. అసలు కిటుకు దోమ ఆయుష్షులో ఉంది. క్రిమి దోమలో పక్వానికి రావడానికి పది రోజులనుకుందాం. రోజూ నూటికి తొంభై దోమలు బతికితే పదో రోజుకు 35 మిగులుతాయి. ఎనభై బతికితే మిగిలేవి పదకొండే. ఆ తర్వాత అవి బతికే రోజులూ తగ్గుతాయి కనుక మొత్తం వ్యాప్తి దాదాపు ఏడో వంతుకు వస్తుంది. ఇంటి గోడలకు మందు కొట్టించడం వెనక తర్కం ఇదే.

పీహెచ్‌డీ తర్వాత జబ్బుల వ్యాప్తిని లెక్కగట్టే ఈ రంగంలోకి వచ్చే యువ పరిశోధకుల పని ఇక్కడి నుంచి మొదలవుతుంది. కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వంటి చోట్ల వాళ్లు వేసుకునే ప్రశ్న పక్కా సంసారపు ప్రశ్న: ఉన్న బడ్జెట్లో దోమతెరలకెంత, మందు పిచికారీకెంత, రక్తపరీక్షలకెంత, ఏ నెలలో ఎంత? రష్యన్ గణితవేత్త పొంట్ర్యాగిన్ సూత్రంతో దీనికి జవాబు రాబట్టొచ్చు. అయితే సమీకరణంలో వేసే అంకెలు నిజమైనవి కావాలి. చేతిలో ఉన్న సమాచారంతో అంచనా ఏ మేరకు కచ్చితంగా ఉండగలదో, దానికి హద్దేమిటో 1945లో కలకత్తా నుంచే చెప్పినవాడు ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన మన సి.ఆర్. రావు. ఎంత గొప్ప కంప్యూటరైనా ఆ గీత దాటలేదు.

నమోదు కాని జ్వరం ఏ లెక్కలోకీ రాదు. మీ ఇంట్లో ఎవరికైనా ప్రైవేటు ల్యాబులో మలేరియా అనో డెంగీ అనో తేలితే, ఆ రిపోర్టు మున్సిపాలిటీకో ఆరోగ్య కేంద్రానికో చేరిందా అని ఒక్కసారి అడగండి.