ఇంజిన్‌కి ఏ రంగేద్దాం?

పాత కారు బానెట్ ఎత్తితే తుప్పు, జిడ్డు, పెచ్చులూడిన రంగు. సెలవు రోజున ఇంట్లోనే కాస్త ముస్తాబు చేద్దామనుకుంటున్నారా? అయితే బ్రష్షు పట్టుకునే ముందు డబ్బా మీదున్న అక్షరాలు చదవాలి!

పండక్కి గేటుకి రంగేయగా అరడబ్బా మిగులుతుంది. ‘ఆ చేత్తోనే కారు ఇంజిన్‌కీ నాలుగు పూతలు లాగిస్తే పోలా’ అనిపిస్తుంది. వేసిన రోజు తళతళలాడుతుంది కూడా. కొన్నాళ్లు తిరిగాక చూస్తే... పసుపు పచ్చగా మారి, బుడగలొచ్చి, గోటితో గీకితే ఊడొస్తుంది. గేటు రంగు ఎండకీ వానకీ ఆగితే చాలు. ఇంజిన్ మీది రంగు వేడితో పాటు పెట్రోలు, ఇంజిన్ ఆయిలు, బ్రేక్ ఆయిలు... అన్నిటినీ తట్టుకోవాలి మరి!

అంబాసిడర్, మారుతి 800... రెండిటి తయారీ 2014లోనే ఆగిపోయింది. నాన్నగారి గుర్తుగానో, తొలి సంపాదనతో కొన్నదన్న మమకారంతోనో వాటిని కాపాడుకుంటున్న కుటుంబాలున్నాయి. అలాంటి కార్లకి రంగు ఒట్టి సోకు కాదు. విడిభాగం తుప్పు పట్టి పాడైతే మళ్లీ దొరకడం కష్టం. పైగా సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి తుప్పు మరీ త్వరగా పడుతుంది.

ఎక్కడ ఎంత వేడి?

బానెట్ కింద వేడి అంతటా ఒకేలా ఉండదు. కూలెంట్ మామూలుగా 85 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. బ్లాకు, హెడ్, ట్యాపెట్ కవర్, అడుగునుండే ఆయిల్ చాంబర్... వీటి పైభాగం వేడి కూడా ఇంచుమించు ఆ చుట్టుపక్కలే. పొగ బయటికెళ్లే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ సంగతి వేరు. నిండా జనంతో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు అది 500 డిగ్రీలు కూడా దాటగలదు. అందుకే ఇంజిన్ మొత్తానికీ ఒకే డబ్బా సరిపోదు.

కొవిడ్ రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరుతో ఈ వేడి చూద్దామనుకునేరు! అది మనిషి ఒంటి వేడి వరకే. అంతకుమించితే చేతులెత్తేస్తుంది.

దేనికి ఏది?

బ్లాకు, ట్యాపెట్ కవర్, చాంబర్, బ్రాకెట్లకి ‘ఇంజిన్ ఎనామిల్’ పేరుతో దొరికే స్ప్రే డబ్బాలు సరైనవి. ఇవి సుమారు 260 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. ఆయిలు, పెట్రోలు తుంపరలు పడినా తుడిస్తే పోతాయి.

మేనిఫోల్డ్‌కీ, సైలెన్సర్ గొట్టానికీ సిలికాన్ రెజిన్‌తో చేసిన హీట్ రెసిస్టెంట్ పెయింటు కావాలి. రకాన్ని బట్టి 600 డిగ్రీలు, ఇంకా పైన కూడా నిలిచేవి ఉన్నాయి. గ్రిల్స్‌కి వేసే మామూలు సిల్వర్ పెయింటు చూడ్డానికి ఇలాగే ఉంటుంది కానీ ఆ వేడికి మాడిపోతుంది. డబ్బా మీద ఎన్ని డిగ్రీలో రాసి ఉంటేనే కొనండి.

‘600 తట్టుకునేదే అంతటా వేసేస్తే ఇంకా మంచిది కదా’ అనుకుంటారు చాలామంది. అక్కడే పప్పులో కాలేస్తారు. సిలికాన్ పెయింటు చాలావరకు 200 డిగ్రీలకు పైగా కాలితేనే గట్టిపడుతుంది. బ్లాకు అంత వేడెక్కదు. దాంతో పూత మెత్తగానే ఉండిపోయి, పెట్రోలు తగలగానే కరిగిపోతుంది. అంకె పెద్దదా కాదా అన్నది కాదు, భాగానికి తగినదా కాదా అన్నదే లెక్క.

ట్యాపెట్ కవర్, పుల్లీల్లాంటి విప్పదీయగలిగినవాటికి పౌడర్ కోటింగ్ ఇంకో దారి. గేట్లకీ గ్రిల్స్‌కీ ఈ పని చేసే షెడ్లు చాలా ఊళ్లలో ఉన్నాయి. పొడి చల్లి ఓవెన్‌లో 180-200 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఇచ్చేముందు రబ్బరు, ప్లాస్టిక్ ముక్కలన్నీ తీసేయాలి.

హార్డెనర్ కలిపి కొట్టే పీయూ పెయింట్లు గట్టివే. కానీ వాటిలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఆస్తమా తెచ్చిపెడతాయి. గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు. ఆ పని షెడ్డువాళ్లకి వదిలేయడమే క్షేమం.

తోమితేనే నిలుస్తుంది

రంగు ఊడటానికి మొదటి కారణం జిడ్డు. కిరసనాయిలుతో కడిగి ‘శుభ్రమైంది’ అనుకుంటాం. కానీ అది పల్చటి నూనెపొర వదిలిపోతుంది. తర్వాత సబ్బునీళ్లతో కడిగి, ఆరాక థిన్నర్‌లో ముంచిన తెల్లగుడ్డతో తుడవాలి. గుడ్డకి నలుపు అంటనంత వరకూ! తుప్పుని వైరు బ్రష్షుతో, ఎమెరీ పేపరుతో గీకేయాలి. అల్యూమినియం నున్నగా ఉంటే రంగు పట్టదు. సన్నటి పేపరుతో గరుకు చేసి, ఎచ్ ప్రైమర్ పూయాలి. మేనిఫోల్డ్ మీద మాత్రం రెడ్ ఆక్సైడ్ లాంటి మామూలు ప్రైమర్ వేయొద్దు. వేడికి అదే ముందు ఊడి, పైపూతనీ ఊడదీస్తుంది.

బ్యాటరీ కింది ట్రేకి ఇంకో చిక్కు. అక్కడ యాసిడ్ కారి ఉంటుంది. వంటసోడా కలిపిన నీళ్లు పోసి, నురగ ఆగాక కడిగి ఆరబెట్టి అప్పుడు రంగేయాలి.

పల్చగా వేయాలి... కాల్చాలి

ఒక్క మందపాటి పూత కన్నా రెండు మూడు పల్చటి పూతలు మేలు. కొన్ని ఎనామిళ్లకి రెండో పూత గంటలోపు వేయాలి, లేదంటే వారం ఆగాలి. మధ్యలో వేస్తే ముడతలు పడుతుంది. ఆ షరతు డబ్బా మీదే ఉంటుంది. ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. గాల్లో తేమకి రంగు తెల్లగా పాలిపోతుంది.

మేనిఫోల్డ్ పెయింటుని విడతలుగా కాల్చాలి. కొన్ని రకాలకు 120, 200, 315 డిగ్రీల దగ్గర అరగంట చొప్పున, మధ్యలో చల్లారుస్తూ... అని రాసి ఉంటుంది. ఇంట్లో అంత వేడి కుదరదు కాబట్టి బిగించాక ఇంజిన్‌ని కాసేపు నడిపి, ఆపి, చల్లారాక మళ్లీ కొంచెం ఎక్కువసేపు నడపాలి. ఆ వేళ పొగ, వాసన వస్తాయి. అందుకే ఆరుబయటే చేయాలి. వంటింటి ఓవెన్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

వీటికి వేయొద్దు!

* ఇంజిన్ నంబరు మీద: పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు ఆర్టీఓ ఆఫీసులో చూసేది దాన్నే. టేపుతో కప్పేయండి.
* బెల్టులు, రబ్బరు గొట్టాలు, సెన్సర్లు, ఎర్త్ వైరు బిగించే చోటు, ఆల్టర్నేటర్ రంధ్రాలు.
* ప్యాకింగ్ కూర్చునే అంచులు, బోల్టు మరలు, ప్లగ్గు రంధ్రాలు. ఇంజిన్ లోపలికి పెచ్చు పడితే ఆయిలు దారి మూసుకుపోవచ్చు.
* రేడియేటర్ రేకుల మీద మందపాటి రంగు. వేడి బయటికి పోదు.

పనికి ముందు బ్యాటరీ వైర్లు విప్పండి. స్ప్రే డబ్బాలో మండే గ్యాస్ ఉంటుంది. దగ్గర్లో అగరొత్తి కూడా వెలగకూడదు. మిగిలిన డబ్బాని ఎండలో నిలిపిన కార్లో వదిలేయొద్దు. 50 డిగ్రీలు దాటితే పేలొచ్చు.

ఇక ఏ రంగంటారా? లేత బూడిద రంగు ఎంచుకోండి. ఎక్కడ ఆయిలు కారినా నల్లటి చారలా ఇట్టే కనిపిస్తుంది. అయితే లీకేజీ ఆపకుండా పైన రంగు పూస్తే మాత్రం డబ్బు దండగే. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లూ ఇది గుర్తుంచుకోవాలి. పాత కారులో ఇంజిన్ ఒక్కటే కొత్తగా మెరుస్తుంటే మురిసిపోకండి. ఓ పది కిలోమీటర్లు నడిపి, ఆపి, కింద ఓ కాగితం పరిచి చూడండి. రంగు దాచిన సంగతి కాగితం చెప్పేస్తుంది!