అరీథా ఫ్రాంక్లిన్ గానము: ముందుగా వినవలసిన ఆల్బము ఏది?

ఒక గాయని తన జీవితకాలమున 40 దాకా ఆల్బములు వెలువరించినది. వానిలో ఒక్కదానినే ఎన్నుకొనుమన్నచో దేనిని ఎన్నుకొనవలెను? సంగీతప్రియులు కూడిన చోట ఇట్టి ప్రశ్న తరచుగా వినవచ్చును. పైకి ఇది కాలక్షేపపు ప్రశ్నవలె తోచును గాని, విచారించినచో అట్టిది కాదు. ఎన్నుకొనువాడు తన కొలబద్దను పదిమంది యెదుట పెట్టక తప్పదు. తరగతిలో ఉపాధ్యాయుడు ఒక కవిని పరిచయము చేయునపుడు ముందుగా ఏ పద్యమును చదివి వినిపించునో, విద్యార్థి మనస్సులో ఆ కవి చిరకాలము ఆ రూపముననే నిలిచియుండును. కావున తొలి పరిచయమునకు దేనిని ఎన్నుకొందుమను విషయము చిన్నది కాదు. అమెరికా దేశమున 'సోల్' సంగీతమునకు రాణియని పేరొందిన అరీథా ఫ్రాంక్లిన్ (1942-2018) విషయమున ఈ ప్రశ్నకు సమాధానము వెదకుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

సోల్ అను మాటకు ఆత్మ యని అర్థము. 1950 తరువాతి సంవత్సరములలో అమెరికాలోని నల్లజాతివారి నడుమ రూపుదిద్దుకొన్న ఒక గానరీతికి అది పేరైనది. దాని పుట్టినిల్లు చర్చి. నల్లజాతివారి చర్చిలలో 'గాస్పెల్' అను భక్తిగీతములను పాడు పద్ధతి యొకటి కలదు. ముందొక గాయకుడు చరణమును అందుకొనును. బృందము బదులు పలుకును. సభ చప్పట్లతో తాళము పట్టును. గాయకుడు కాగితముపై నున్న స్వరములకు కట్టుబడియుండడు. ఒక్క అక్షరమును పట్టుకొని పలు స్వరములమీదుగా నడిపించును. మన విద్వాంసులు కీర్తనలోని ఒక పాదముమీద సంగతి వెంబడి సంగతి వేసి భావమును పెంచు విధము ఎరిగినవారికి ఈ పద్ధతి బొత్తిగా క్రొత్తది కాదు. ఈ గానపద్ధతికి లౌకికమైన లయను, వాద్యమును చేర్చి, దైవమును గూర్చిన మాటల స్థానమున మానవప్రేమను, మానవదుఃఖమును నిలిపినచో అది సోల్ సంగీతమైనది.

ఈ మార్పును భక్తులైన పెద్దలు పలువురు హర్షింపలేదు. శామ్ కుక్ అను ప్రసిద్ధ గాయకుడు 1957లో భక్తిగీత బృందమును విడిచి ప్రేమగీతములకు మరలినపుడు దానిని అపచారముగా ఎంచినవారు కలరు. దేవునికి పాడిన గొంతుతో లోకమునకు పాడవచ్చునా? ఈ ప్రశ్న ఆ తరపు గాయకులను వెంటాడినది. అరీథా గానమును అర్థము చేసికొనుటకు తాళపుచెవి ఈ ప్రశ్నయందే యున్నది.

ఆమె టెన్నెసీ రాష్ట్రమునందలి మెంఫిస్ నగరమున జన్మించి డెట్రాయిట్ నగరమున పెరిగినది. తండ్రి సి. ఎల్. ఫ్రాంక్లిన్ అచటి న్యూ బెతెల్ బాప్టిస్టు చర్చికి బోధకుడు. ఆయన ప్రసంగములు గ్రామఫోను రికార్డులపై దేశమంతట వ్యాపించినవి. మహేలియా జాక్సన్, క్లారా వార్డ్ వంటి మహాగాయనులు ఆ యింటికి వచ్చిపోవుచుండిరి. పదియేండ్లు నిండకముందే తల్లిని కోల్పోయిన అరీథా చర్చిలో పాడుచు, పియానో వాయించుచు పెరిగినది. 14 ఏండ్ల వయస్సున తండ్రి చర్చిలో ఆమె పాడిన భక్తిగీతములు 1956లో రికార్డుగా వచ్చినవి. అటుపిమ్మట 1960లో ఆమె కొలంబియా సంస్థలో చేరి లౌకికగీతములకు మరలినది. ఆ సంస్థవారు ఆమెచేత జాజ్ పాటలు, వాద్యబృందముల నడుమ సుకుమార గీతములు పాడించిరి. గొంతు గొప్పదని అందరును ఒప్పుకొనిరి. అయినను ఆ గొంతునకు తగిన దారి దొరకలేదు. ఆరేండ్లు అట్లే గడచినవి.

1966 చివర ఆమె అట్లాంటిక్ సంస్థకు మారెను. నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ ఆమెను పియానో ముందు కూర్చుండబెట్టి, చర్చిలో వాయించినట్లే వాయించి పాడనిచ్చెను. 1967 జనవరిలో అలబామా రాష్ట్రమునందలి మజిల్ షోల్స్ అను చిన్న ఊరిలో తెల్లజాతి వాద్యకారుల తోడ్పాటుతో తొలి పాట సిద్ధమైనది. కలహము పుట్టి ఆ పని ఒక్కనాటితో నిలిచిపోగా, తక్కినది న్యూయార్క్‌లో పూర్తిచేసిరి. ఆ సంవత్సరము మార్చిలో 'ఐ నెవర్ లవ్డ్ ఎ మాన్ ది వే ఐ లవ్ యూ' అను ఆల్బము వెలువడినది. మొదటి పాట 'రెస్పెక్ట్', అనగా గౌరవము. దానిని వ్రాసి 1965లో పాడినవాడు ఓటిస్ రెడ్డింగ్. అతని పాటలో అలసి ఇల్లు చేరిన పురుషుడు భార్యనుండి గౌరవము కోరును. అరీథా పాడినంతనే ఆ కోరిక స్త్రీ నోట వెలువడిన హక్కు అయినది. ఆ పదమును అక్షరములుగా విడదీసి పలుకు భాగము ఓటిస్ పాటలో లేదు. అది అరీథా చేర్చినదే. నల్లజాతివారి పౌరహక్కుల పోరాటము, స్త్రీల హక్కుల ఉద్యమము ఆ పాటను తమదిగా చేసికొనినవి.

ఇక ఎన్నిక మాట. అభ్యర్థులు ముఖ్యముగా నలువురు. మొదటిది ప్రసిద్ధగీతముల సంకలనము. దుకాణములలో ఇట్టివి పెక్కు కలవు. అయితే గజేంద్రమోక్షమును పాఠ్యపుస్తకములో చదివిన విద్యార్థి భాగవతమును చదివినట్లు కానట్లే, సంకలనమును విన్నవాడు గాయని ఆల్బమును విన్నట్లు కాదు. ఒక పాటకు ముందేమున్నది, వెనుకనేమున్నది, ఏ మనఃస్థితిలో పుట్టినది, ఇవేవియు అందులో తెలియవు. రెండవది పైన చెప్పిన 1967 నాటి ఆల్బము. మూడవది 1968 ఆరంభమున వచ్చిన 'లేడీ సోల్'. అందులో కారల్ కింగ్, గెర్రీ గాఫిన్ దంపతులు రచించిన 'నాచురల్ వుమన్' వంటి మేలైన పాటలు కలవు. నాలుగవది 1972లో వచ్చిన 'అమేజింగ్ గ్రేస్'. విమర్శకులలో పలువురు 1967 నాటి దానినే ముందుంచుచున్నారు. నా ఓటు మాత్రము నాలుగవదానికి.

దాని చరిత్రను కొంత చెప్పవలసియున్నది. 1972 జనవరి 13, 14 తేదీలలో రెండు రాత్రులు లాస్ ఏంజలెస్ నగరమున వాట్స్ ప్రాంతపు న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్టు చర్చిలో సభయెదుట ఈ ఆల్బమును రికార్డు చేసిరి. ఆ భవనము ఒకప్పటి సినిమాహాలు. 1965 ఆగస్టులో 34 మంది ప్రాణములు గొనిన అల్లర్లు జరిగిన ప్రాంతమది. అరీథాకు అప్పటికి 29 ఏండ్లు, కీర్తి శిఖరముననున్నది. ఏ స్టూడియోలోనైనను ఏ పాటనైనను పాడి లాభము గడింపగలిగిన ఆ సమయమున, ఆమె చిన్ననాటి గీతములకై చర్చికి వచ్చినది. ప్రక్కన పియానోతో జేమ్స్ క్లీవ్‌లండ్ కూర్చుండెను. ఈయన ఒకప్పుడు ఆమె తండ్రి చర్చిలో సంగీతము నడిపినవాడు. వెనుక సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ బృందము నిలిచియుండెను. దానిని నడిపినవాడు అలెగ్జాండర్ హామిల్టన్. డోలు, గిటారు వాయించినవారు ఆమెతో లౌకిక కచేరీలలో వాయించినవారే. రెండవ రాత్రి తండ్రి, ఆమెకు ఆరాధ్యురాలైన క్లారా వార్డ్ సభలో ఉండిరి.

ఈ రికార్డులో వినవలసిన మొదటి విశేషము రెండు లోకముల కలయిక. ఇందులో ఒకచోట వచ్చునది మార్విన్ గే 1971లో పాడిన సోల్ గీతము. మరియొక చోట కారల్ కింగ్ రచించిన స్నేహగీతమును థామస్ డోర్సీ రచించిన ప్రార్థనగీతముతో అల్లి పాడిరి. డోర్సీ మొదట బ్లూస్ అను లౌకికగీతములను వాయించినవాడు. 1932లో భార్యయు, అప్పుడే పుట్టిన బిడ్డయు మరణింపగా ఆ శోకములో ఆ ప్రార్థనను రచించెను. చర్చినుండి వీధికి పోయిన దారి వీధినుండి చర్చికి కూడ వచ్చునని ఈ అల్లిక వాదములేకయే నిరూపించుచున్నది. అరీథా చర్చికి మరలివచ్చినదని అందరును అనుకొనుచుండగా, తండ్రి లేచి ఆమె చర్చిని ఎన్నడును విడిచిపోనేలేదని సభకు చెప్పెను. ఆ పలుకులు కూడ రికార్డులో చేరినవి.

రెండవ విశేషము శీర్షికాగీతము. 'అమేజింగ్ గ్రేస్' అనగా అద్భుతమైన కృప. దానిని రచించిన జాన్ న్యూటన్ ఇంగ్లండు దేశపు మతబోధకుడు. అంతకుముందు ఆఫ్రికానుండి బానిసలను తరలించిన ఓడలకు నాయకుడు. ఓడపనిని మానిన చాలకాలమునకు, 1773 నూతన సంవత్సర దినపు ఆరాధనకై ఆయన దీనిని సిద్ధపరచెను. 1779లో అది అచ్చయినది. బానిస వ్యాపారమును బహిరంగముగా ఖండించుచు ఆయన పుస్తకము ప్రకటించినది 1788లో మాత్రమే. నేడు మనము వినుచున్న వరుస ఆ మాటలతో జతపడినది అమెరికాలో, 1835లో. అట్టి ఓడలలో తరలింపబడినవారి సంతతి ఆ గీతమును తమదిగా చేసికొని పాడుట చరిత్రలోని విచిత్రములలో నొకటి. అపరాధియొక్క పశ్చాత్తాపము బాధితుల నోట విముక్తిగీతమైనది. సాధారణముగా కొద్ది నిమిషములలో ముగియు ఆ గీతమును అరీథా సుమారు 11 నిమిషములు పాడినది. ఒక్కొక్క మాటను అంగలార్చినట్లు విడదీసి, ఆగి, మరల అందుకొని, మెట్టుమెట్టుగా పైకి కొనిపోయినది. తాళమునకు నడక లేదు, ఊపిరియే తాళము. ఆ పాట నడుమ జేమ్స్ క్లీవ్‌లండ్ పియానోను విడిచి, ముఖము కప్పుకొని కన్నీరు పెట్టుకొనెను.

మూడవ విశేషము చివరి పాట 'నెవర్ గ్రో ఓల్డ్'. ఇది 1956 నాటి బాల్యపు రికార్డులో కూడ ఉన్నది. ఒకే గీతము, ఒకే గొంతు; నడుమ 16 ఏండ్ల జీవితము. ఈ రెండింటిని వెంటవెంట విన్న విద్యార్థికి గాత్రసంస్కారమన నేమో ఎవరును బోధింపనక్కరలేదు.

ఆక్షేపణలు లేకపోలేదు. ఇది భక్తిసంగీతమే గాని సోల్ సంగీతము కాదు కదా యని అడుగవచ్చును. చెట్టును ఎరుగగోరువాడు వేరును చూచుట తప్పు కాదు. పైగా ఇచట వేరును కొమ్మయు ఒక్కచోటనే కానవచ్చుచున్నవి. ఒక ఉద్యమమునకు గొంతునిచ్చిన 'రెస్పెక్ట్' ఇందులో లేదు కదా యనుట రెండవ ఆక్షేపణ. ఇది బలమైనది. ఆ పాట విననివాడు అరీథా చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయమును కోల్పోవునని ఒప్పుకొనవలసినదే. కాని ఆ పాటలోని ధైర్యము ఎచటినుండి వచ్చినదని అడిగినచో, చర్చిలో మనుష్యునికి మనుష్యుడు సమానుడని పాడి నేర్చిన గొంతునుండి వచ్చినదని సమాధానము. గౌరవమును అడుగుటకు ముందు తాను గౌరవార్హుడనను నమ్మకము ఉండవలెను. ఆ నమ్మకము పుట్టిన చోటు ఈ ఆల్బములో వినవచ్చుచున్నది. ఆ మతము మనది కానిచో ఈ పాటలు మనకు పట్టునా యనుట మూడవది. త్యాగరాజ కీర్తనలను విని పరవశించువారందరును రామభక్తులేనా? పాడువారి నమ్మకము నిజమైనదైనచో వినువారి నమ్మకముతో పని లేదు.

జనులు కూడ ఇట్లే తీర్పు చెప్పిరి. అమెరికాలోనే 20 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయి, ఆమె ఆల్బములన్నిటిలో ఇదియే అధికముగా విక్రయమైనది. ఆ రెండు రాత్రులను దర్శకుడు సిడ్నీ పొలాక్ చలనచిత్రముగా తీసెను. శబ్దమును చిత్రముతో కలుపుటకు వలసిన గుర్తులను చిత్రణవేళ పెట్టకపోవుటచే అది దశాబ్దములు మూలబడియుండెను. తరువాతి కాలమున సాంకేతికపు అడ్డంకి తొలగినను అరీథా దాని ప్రదర్శనను అంగీకరింపలేదు. ఆమె మరణానంతరము 2018లోనే అది ప్రేక్షకులను చేరినది.

విద్యార్థులకు ఒక మనవి. మొదట 'రెస్పెక్ట్' పాటను వినుడు; రెండున్నర నిమిషముల పని. పిమ్మట తీరిక చేసికొని, వేరొక పని పెట్టుకొనక, 'అమేజింగ్ గ్రేస్' ఆల్బమును మొదటినుండి తుదిదాక వరుసగా వినుడు. ఉపాధ్యాయులు తరగతిలో వినిపించునపుడు న్యూటన్ కథను పాటకు ముందు కాక పాట ముగిసిన తరువాత చెప్పుట మేలు. ముందు గొంతు పని చేయవలెను. చరిత్ర తరువాత వచ్చినను తన పని తాను చేసికొనును.