కబురు కోసం మేలుకున్న ఆకలి

మా పిన్నిది ఎచ్చెర్ల మండలంలో సముద్రపొడ్డు ఊరు. కొడుకు ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి బోటెక్కుతాడు. వేటకెళ్తే రోజుల తరబడి కబురుండదు. ఒడ్డుకు చేరాక రాత్రి ఏ పదకొండుకో ఫోన్ చేస్తాడు. ఇవాళ వస్తుందేమోనని ఆవిడ రోజూ మేలుకునే ఉంటుంది, పక్కన జంతికల డబ్బా పెట్టుకుని. "ఆడి గొంతు ఇనీదాకా నిద్దర రాదే. ఉత్తినే కూకుంటే గుండె దడ. ఏదోటి నములుతుంటే కాస్త నయం" అంటుంది.

ఆ దడకు కారణముంది. 2018 నవంబరు చివర్లో వెరావల్ నుంచి వేటకెళ్ళిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ అధికారులకు చిక్కారు. వాళ్ళలో ఇరవై మంది వాఘా దాటి వచ్చేసరికి 2020 జనవరి అయింది. 'తండేల్' సినిమా ఆ ఉదంతం నుంచి వచ్చిందే. అన్ని నెలలూ ఈ తీరంలో ఇళ్ళు ఎలా గడిచాయో పిన్ని కళ్ళారా చూసింది.

బరువు తగ్గమని డాక్టరు చెబితే రాత్రి అన్నం మానేసి చోడంబలికి మారింది. అయినా నడుము తగ్గలేదు. ఇంట్లో అందరూ జంతికల్ని తిట్టారు. నాకైతే తప్పంతా జంతికలదే అనిపించలేదు.

భయం వేసిన క్షణాన అడ్రినలిన్ ఎగదన్నుతుంది, ఆకలి చచ్చిపోతుంది. అదే భయం రోజుల తరబడి సాగితే కథ మారుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ వదులుతాయి. అది కాలేయం చేత రక్తంలోకి చక్కెర పోయిస్తుంది, నోటిని తీపి మీదికీ నూనె వంటల మీదికీ లాగుతుంది. దిగులుతో చిక్కిపోయేవాళ్ళూ ఉన్నారు, అందరి ఒళ్ళూ ఒకలా ఉండదు. కానీ కార్టిసాల్ మాట వినే గ్రాహకాలు పొట్టలోపలి కొవ్వులో ఎక్కువ. స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలం వాడినవాళ్ళకు ముఖం ఉబ్బి, పొట్ట పెరగడం మనం చూసిందే. అవి కార్టిసాల్‌కు దగ్గరి చుట్టాలు. (డాక్టరు రాసినవైతే సొంతంగా ఆపేయకండి, ప్రమాదం.)

ఇక నిద్ర. 2010లో షికాగో పరిశోధకులు అధిక బరువున్న పదిమందికి రెండేసి వారాలపాటు ఒకే కొలత తిండి పెట్టారు. ఒక విడత రాత్రికి ఎనిమిదిన్నర గంటలు పడుకోనిచ్చారు, మరో విడత అయిదున్నరే. రెండుసార్లూ తగ్గిన బరువు సుమారు మూడు కిలోలే. అయితే బాగా పడుకున్నప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు, నిద్ర తగ్గినప్పుడు 0.6 కిలోలే. మిగిలినదాంట్లో కండ కూడా పోయింది. నిద్ర కాచుకుంటూ పస్తులుండే మన ఆడవాళ్ళు పోగొట్టుకుంటున్నది ఏమిటో తలచుకుంటే నాకు బాధేస్తుంది.

భయపడకు అని పిన్నితో ఎవరనగలరు? సముద్రం మన చెప్పుచేతల్లో లేదు. ఫోన్ మాత్రం కోడలి దగ్గరికి మారింది. కబురొస్తే అర్ధరాత్రైనా లేపుతానని ఆ పిల్ల ఒట్టేసింది. సాయంత్రం ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో ఇసుకలో నడక. పడుకున్నాక మెల్లగా ఊపిరి పీల్చి, అంతకంటే మెల్లగా వదలడం. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి దడ నెమ్మదిస్తుంది. జంతికల డబ్బాను ఎవరూ దాచలేదు.

నాలుగు నెలల తర్వాత వెళ్ళాను. బరువు ఎంత తగ్గావని అడిగితే తెలీదంది. చీర కట్టుకుంటూ కుచ్చిళ్ళు లెక్కపెట్టి చూపించింది. అయిదు వచ్చేచోట ఆరు వస్తున్నాయి.