సీటు దక్కినంత మాత్రాన

అమెరికాలోని బిజినెస్ స్కూళ్ల పేర్లు తెలుగు ఇళ్లలో ఇప్పుడు బాగా పరిచితమే. అయితే ఆ తరగతి గదుల్లో ఆ దేశంలోనే పుట్టి పెరిగిన నల్లజాతీయులు, లాటిన్ అమెరికా మూలాలున్న హిస్పానిక్‌లు, ఆదివాసీ తెగలవారు తమ జనాభాకు తగిన సంఖ్యలో కనిపించరు. జనాభాలో ఒక వర్గానికి ఉన్న వాటా కంటే ఒక చదువులోనో వృత్తిలోనో దాని వాటా బాగా తక్కువగా ఉంటే ఆ వర్గాన్ని అక్కడి విద్యారంగం ‘తక్కువ ప్రాతినిధ్యం గల వర్గం’గా లెక్కిస్తుంది. అక్కడి భారతీయులు మైనారిటీయే అయినా సాధారణంగా ఈ లెక్కలోకి రారు. మన రిజర్వేషన్ల ఆలోచనకు ఇది దగ్గరిదే గాని అదే కాదు; జాతి ప్రాతిపదికన కళాశాల సీట్లకు కోటా పెట్టడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1978లోనే తేల్చడంతో, అక్కడి ప్రయత్నం చాలావరకు విశ్వవిద్యాలయాలు, కంపెనీలు, లాభాపేక్ష లేని సంస్థలు కలిసి అందించే తోడ్పాటు రూపంలో సాగింది.

ఆ తోడ్పాటుకు సంస్థాగత రూపం రాకముందు అది వ్యక్తుల మీదే ఆధారపడి ఉండేది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ నుంచి 1933లో ఎంబీఏ పట్టా పొందిన నేలర్ ఫిట్జ్‌హ్యూ, అక్కడ ఆ పట్టా అందుకున్న తొలి నల్లజాతీయుల్లో ఒకరు. అంతటి పట్టా చేతిలో ఉన్నా పెద్ద కంపెనీల తలుపులు తెరుచుకోకపోవడంతో ఆయన నల్లజాతి విద్యార్థులు ప్రధానంగా చదువుకునే హోవర్డ్ విశ్వవిద్యాలయంలో చేరి, మూడు దశాబ్దాలకు పైగా బోధించారు. న్యూయార్క్‌లో ఇళ్లలో పనిమనిషిగా, ఆ తరువాత టైపిస్టుగా పనిచేసి, ఇరవై దాటాక డిగ్రీలో చేరిన లిలియన్ లింకన్ అక్కడ ఆయన శిష్యురాలైంది. హార్వర్డ్‌కు దరఖాస్తు చేయమని ఆమెను ప్రోత్సహించింది ఆయనే. 1969లో ఆమె ఆ స్కూల్ నుంచి ఎంబీఏ పొందిన తొలి నల్లజాతి మహిళ కావడమే కాక, చదువుతున్న కాలంలోనే మరో నలుగురితో కలిసి నల్లజాతి విద్యార్థుల సంఘాన్ని స్థాపించి, తమ వారిని మరింతమందిని చేర్చుకోవాలని యాజమాన్యాన్ని ఒప్పించింది. కంపెనీలు కాదనుకున్న ఒక పట్టభద్రుడు అధ్యాపకుడు కావడం వల్ల ఒక తరం తరువాత ఈ మార్పు సాధ్యమైందన్నది గమనించదగినది.

సంస్థాగత ప్రయత్నాల్లో మొదట చెప్పుకోవలసింది 1966లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు స్టెర్లింగ్ షోన్ చొరవతో ఏర్పడిన ‘కన్సార్టియం’. ఆ విశ్వవిద్యాలయంతో పాటు ఇండియానా, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయాలు ఇందులో తొలి భాగస్వాములు కాగా, తరువాతి కాలంలో అనేక ప్రముఖ స్కూళ్లు చేరాయి. ఒకే దరఖాస్తుతో పలు స్కూళ్లకు ప్రయత్నించే వీలు, ఎంపికైనవారికి ఫీజు మొత్తాన్ని భరించే ఉపకార వేతనం దీని ప్రధాన అంశాలు. కానీ దీని అసలు తెలివి మరొకచోట ఉంది. తరగతులు మొదలవకముందే విద్యార్థులను, కంపెనీలను ఒకచోట చేర్చి కొన్ని రోజుల పరిచయ శిబిరం నిర్వహించడం వల్ల, మిగతావారు పుస్తకాలు తెరిచే వేళకే వీరిలో కొందరి చేతికి ఇంటర్న్‌షిప్ అవకాశాలు వచ్చేస్తాయి.

ఇది ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే వ్యాపార విద్య మిగతా చదువుల కంటే ఏ విధంగా భిన్నమైనదో చూడాలి. ఇంజినీరింగ్‌లో లెక్క సరిగా చేసినవారికి మార్కులు వస్తాయి. బిజినెస్ స్కూల్లో మాట్లాడినవారికి వస్తాయి. ఒక కంపెనీకి నిజంగా ఎదురైన సమస్యను ముందుంచి తరగతిలో చర్చింపజేసే ‘కేస్ పద్ధతి’కి పుట్టినిల్లయిన హార్వర్డ్‌లో, అనేక సబ్జెక్టుల్లో దాదాపు సగం మార్కులు ఈ చర్చలో పాల్గొన్న తీరుకే దక్కుతాయి. భోజనాల బల్ల దగ్గర షేర్లు, వాటాలు, వ్యాపారాల మాటలు వింటూ పెరిగిన విద్యార్థికి అది అలవాటైన భాష; ఇంట్లో మొదటిసారి కళాశాల గడప తొక్కిన విద్యార్థి మాత్రం విషయం తెలిసినా, చెయ్యెత్తడానికి తటపటాయిస్తాడు. నియామకాలు కూడా పరీక్షల కంటే విందులు, పరిచయాలు, పూర్వ విద్యార్థుల సిఫార్సుల మీదే ఎక్కువగా నడుస్తాయి. ఈ మర్యాదలు ఏ పాఠ్యప్రణాళికలోనూ ఉండవు గనుక వాటిని ఎవరో ఒకరు పనిగట్టుకుని నేర్పవలసిందే.

కొన్ని అడ్డంకులు నిబంధనల్లోనే దాగి ఉంటాయి. అమెరికాలో సీపీఏ, అంటే లైసెన్సు గల అకౌంటెంటు, కావడానికి చాలాకాలం పాటు 150 క్రెడిట్ గంటల చదువు తప్పనిసరిగా ఉండేది. నాలుగేళ్ల డిగ్రీకి అయ్యేది సుమారు 120 గంటలే కాబట్టి, అయిదో ఏడాది ఫీజు, ఆ ఏడాది కోల్పోయే జీతం పేద విద్యార్థి మీద అదనంగా పడ్డాయి. నాలుగేళ్ల డిగ్రీకి రెండేళ్ల ఉద్యోగానుభవం తోడైతే చాలునని 2025 జనవరిలో ఒహాయో రాష్ట్రం చట్టం చేయగా, మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి. ఒక్క నిబంధనను సడలించడం కొన్నిసార్లు ఎన్నో ఉపకార వేతనాల పెట్టు.

విద్యార్థుల కొరతకు బోధకుల కొరతే మూలమని గుర్తించి అకౌంటింగ్ సంస్థ కేపీఎంజీకి చెందిన ఫౌండేషన్ 1994లో ‘పీహెచ్‌డీ ప్రాజెక్ట్’ను ప్రారంభించింది. అప్పటికి అమెరికా బిజినెస్ స్కూళ్లన్నింటిలో డాక్టరేటు గల నల్లజాతి, హిస్పానిక్, ఆదివాసీ అధ్యాపకులు 294 మంది మాత్రమే. మంచి జీతాల ఉద్యోగాలు వదిలి పరిశోధనకు రాదలచినవారిని షికాగో సదస్సుకు పిలిచి, ఆచార్యులతో కలిపి, చేరాక ఒంటరితనంతో మధ్యలో మానకుండా సబ్జెక్టులవారీగా పరిశోధకుల బృందాలు ఏర్పరచడమే ఆ సంస్థ చేసిన పని. ఆ సంఖ్య అనంతరం 1,500 దాటింది. అయితే ప్రవేశాల్లో జాతిని పరిగణించరాదని 2023 జూన్ 29న సుప్రీంకోర్టు తీర్పునిచ్చాక వాతావరణం మారిపోయింది. ఈ సంస్థతో సంబంధాలున్నాయన్న కారణంగా 2025 మార్చిలో కేంద్ర విద్యాశాఖ 45 విశ్వవిద్యాలయాలపై విచారణకు దిగింది. ఈలోగా సంస్థ తన సభ్యత్వాన్ని అన్ని జాతులవారికీ తెరిచింది.

భారతదేశం ఈ విషయంలో చట్టం దారి పట్టినా, విద్యార్థుల సంగతి ముందు, బోధకుల సంగతి తరువాత అన్న అదే పొరపాటు చేసింది. ఐఐఎంలతో సహా కేంద్ర విద్యాసంస్థల్లో ఓబీసీ విద్యార్థులకు 27 శాతం సీట్లు కేటాయించే చట్టం 2006లో వచ్చి, 2008లో సుప్రీంకోర్టు ఆమోదం పొందగా, ఆ సంస్థల బోధకుల నియామకాల్లో రిజర్వేషన్లకు చట్టం 2019 దాకా రాలేదు. తెలుగు నేలపై ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం ఎంబీఏ తలుపులను వేలాది పేద కుటుంబాలకు తెరిచిన మాట నిజమే; తరగతిలో మాట్లాడే ధైర్యాన్నీ కంపెనీలతో పరిచయాన్నీ ఇవ్వడం ఆ పథకం పరిధిలో లేదు. అందువల్ల ఎంబీఏ కళాశాలలు ఉద్యోగ నియామకాల లెక్కలు ప్రకటించేటప్పుడు, రీయింబర్స్‌మెంట్‌పై చదివినవారిలో ఎందరికి, ఏ స్థాయి ఉద్యోగాలు వచ్చాయో విడిగా వెల్లడించాలి. ఆ ఫీజు చెల్లిస్తున్న ప్రభుత్వాలు దానిని అడిగి తీసుకోవాలి.